మొదటిసారి వాక్యం చెప్పబోతున్న బిడ్డకు

చిరంజీవి నా తమ్ముని కుమారునికి ప్రభువు నామమున శుభములు.

వచ్చే శుక్రవారం కల్వకుర్తి దగ్గరి ఊరిలో జరిగే ఇంటి కూడికలో దేవుని ప్రేమను గురించి చెప్పాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించాడని చెప్పే యోహాను 3:16 అక్కడ చిన్నపిల్లలకు కూడా కంఠస్థమే కనుక, నువ్వు లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని దగ్గర మొదలుపెట్టి, చివరిదాకా అక్కడే ఉండు. నేను తొలిసారి నిలబడినప్పుడు గంటసేపట్లో ఇరవై వచనాలు చదివించాను. పాపం, విన్నవారు పుటలు తిప్పడంతోనే అలసిపోయారు.

తండ్రి ఆస్తిలో తన పాలు తీసుకొని దూరదేశం పోయి, అంతా పాడుచేసి, పందులు మేపే స్థితికి వచ్చిన ఆ కుమారుడు అక్కడ ఉండగానే తండ్రితో చెప్పవలసిన మాటలను కూర్చుకుంటాడు. పాపం చేశాను, నీ కుమారుణ్ని అనిపించుకునే యోగ్యత నాకు లేదు, నీ కూలివారిలో ఒకనిగా నన్ను పెట్టుకో అన్నవి ఆ మాటలు. 21వ వచనం జాగ్రత్తగా చదువు. తండ్రి ఎదుట వాడు మొదటి రెండే పలికాడు. కూలి మాట నోట్లోనే ఉండిపోయింది, తండ్రి అప్పటికే వస్త్రము, ఉంగరము, చెప్పులు తెమ్మని దాసులకు చెబుతున్నాడు.

ఇక్కడ ఆగు. నీ ఎదుట కూర్చునే వారిలో కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయికి వలస పోయి వచ్చినవారు ఉంటారు. బాకీ తీరేదాకా కదలలేని కూలి బతుకు ఎలాంటిదో వారికి నీకంటే బాగా తెలుసు. కూలివానిగా ఉంటానని వచ్చినవాణ్ని, వాడు పాడుచేసిన ఆస్తికి ఆ తండ్రి లెక్క అడగలేదని నెమ్మదిగా చెప్పు.

"వాడింక దూరముగా ఉన్నప్పుడు" తండ్రి చూశాడని 20వ వచనం అంటుంది. రోమా 5:8లో పౌలు "మనమింకను పాపులమై యుండగానే" క్రీస్తు మనకొరకు చనిపోయాడని రాశాడు. రెండు చోట్లా ఉన్న ఆ 'ఇంక' అనే మాటను వారు పట్టుకుంటే నీ పని అయినట్లే. మారుమనస్సు అక్కరలేదని నేననడం లేదు, ఆ కుమారుడు లేచి నడిచే వచ్చాడు. అయితే వాడు నోరు తెరవకముందే తండ్రి పరుగెత్తి మెడమీద పడ్డాడు. మంచిగా ఉంటేనే దేవుడు ప్రేమిస్తాడని చెప్పి ముగించే బోధకులను నేను చాలామందిని విన్నాను, అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి లేదని నా నమ్మకం. ఆయనే మొదట ప్రేమించాడని 1 యోహాను 4:19లో ఉన్నది.

పెద్ద కుమారుణ్ని కూడా విడిచిపెట్టకు. తమ్మునికి విందు చేశారని అలిగి బయట నిలిచిన వాని కోసం సైతం తండ్రే వెలుపలికి వచ్చాడు. ఏళ్లుగా సంఘంలో ఉన్నవారికి ఆ భాగం అవసరం.

అరగంటకు మించి మాట్లాడవద్దు. ప్రార్థన కాగానే బండి ఎక్కకుండా వారితో కూర్చొని అన్నం తిను. కొడుకు ఇంటికి రాని తల్లి ఒక్కరైనా నీ పక్కకు వస్తుంది. అప్పుడు వచనాలు ఎత్తకుండా, ఆమె చెప్పేది పూర్తిగా విను.

ఇట్లు,
నీ పెద్దనాయన,
దేవరకొండ