కొత్తరకం బండి కడితే తోటి బండి పిచ్చోళ్లే తిడుతున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాత ఆర్ఎక్స్ 100 ఒకటి తీసుకుని వెనక సగం మార్చి, ఎవరూ చేయని ఆకారంలో కడుతున్నారు. ఆదివారం ఆదివారం మీతో కలిసి టీ తాగేవాళ్లే "బంగారం లాంటి బండిని నాశనం చేశావు" అంటున్నారు. పని ఆపేయాలా, చెవిన వేసుకోకుండా సాగిపోవాలా అని అడిగారు.

రెండూ వద్దు. ముందు ఎవరు దేని గురించి తిడుతున్నారో విడగొట్టుకోండి. ఇనుము గురించి మాట్లాడేవాడు ఎంత కటువుగా మాట్లాడినా కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ వినాలి. మిగతావాళ్ల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి వైపు. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో మా చిన్నాన్న బుల్లెట్ మీద కొబ్బరిచెట్టు పడింది. క్యాస్ట్ ఐరన్ ఇంజను, కుడికాలి గేరు ఉన్న పాత 350. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైపులు రెండూ వంగిపోయాయి, ట్యాంకు అప్పడమైంది, హెడ్‌లైట్ ముక్క కూడా దొరకలేదు. ఇంజను, ఫ్రేము మాత్రం చెక్కుచెదరలేదు. తోటంతా పడుకుండిపోయిన ఏడాది బండి గురించి ఎవరికి పట్టింది? పాకలో మూల పడేశారు. చాన్నాళ్లకి చిన్నాన్నే "అట్టుకుపోరా, అది కనపడితే నాకు సెట్లే గుర్తొస్తన్నాయి" అన్నాడు.

నేను సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ నేర్చుకున్నవాణ్ణి. బుల్లెట్‌కి కొత్త ఫోర్కులు దొరకవా అంటే ఎక్కడైనా దొరుకుతాయి. నాకు అవి వెయ్యాలనిపించలేదు, అంతే. లీడింగ్ లింక్ ఫోర్కు కట్టాను. అంటే చక్రం ఇరుసు నేరుగా ఫోర్కు కాళ్లకి కాకుండా, ఆ కాళ్ల చివర ముందుకి చాచి ఉండే రెండు పొట్టి చేతులకి ఉంటుంది. చేతులు పైకీ కిందకీ ఊగుతాయి, షాక్ అబ్జార్బర్లు వాటి మీద కూర్చుంటాయి. చూడటానికి మిడత ముందుకాళ్లలా ఉంటుందని మా చెల్లి అంది. నాకు నచ్చిన మెచ్చుకోలు అదే.

దాన్ని మొదటిసారి టెక్కలి దగ్గర హైవే పక్కన మా వాళ్లు కలిసే చోటికి పట్టుకెళ్తే "ఏటిరా ఇది, బండా ఎద్దుల బండా" దగ్గర మొదలైంది. అవన్నీ ఇక్కడ రాయను, మీరూ వినే ఉంటారు. ఆ గుంపులో ఒక లేత్ మేస్త్రి ఉన్నారు, రిటైరైన మనిషి. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కింద కూర్చుని ముందు చక్రం కేసి చూసి రెండే ప్రశ్నలు అడిగారు: "ట్రెయిల్ ఎంతుంది? బ్రేకు ప్లేటు దేనికి కట్టినావు?"

ఇవి అడిగేవాడు దొరకడం అదృష్టం. హ్యాండిల్ తిరిగే ఇరుసు ఉంటుంది కదా, దాని గీతని అలాగే నేల దాకా పొడిగించండి. చక్రం నేలని తాకే చోటు ఆ గీతకి ఎంత వెనక ఉందో ఆ దూరమే ట్రెయిల్. చాలా రోడ్డు బళ్లకి 80 నుంచి 120 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బాగా తగ్గితే వేగంలో హ్యాండిల్ కొట్టుకుంటుంది, బాగా పెరిగితే నెమ్మదిగా తిప్పేటప్పుడు బరువుగా పక్కకి వాలిపోతుంది. లీడింగ్ లింక్‌లో ఇంకో చిక్కు ఉంది. చేతులు ఊగినప్పుడల్లా ఈ దూరం మారుతుంది. అందుకే బండి మీద మనిషిని కూర్చోబెట్టి కొలవాలి. నాది 90 పెట్టాను. మేస్త్రి నా మాట నమ్మలేదు. నన్నే సీటు మీద కూర్చోమని, ముందు ఇరుసు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీసి, హ్యాండిల్ ఇరుసు వెంబడి సన్నటి రాడ్డు ఆనించి, నేల మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టి తన టేపుతో కొలుచుకున్నారు. ఆ తర్వాతే రెండో ప్రశ్నకి వచ్చారు.

బ్రేకు ప్లేటు అంటే బ్రేకు షూలు కూర్చునే పళ్లెం. దాన్ని నేరుగా ఊగే చేతికి బిగిస్తే, బ్రేకు పట్టినప్పుడు ఆ తిప్పుడు బలం చేతి మీద పడి బండి ముందు భాగం పైకి లేస్తుంది. మామూలు ఫోర్కు కిందకి కుంగుతుంది, ఇది ఉల్టా. నేను ప్లేటుని ఇరుసు మీద వదులుగా ఉంచి, దాని నుంచి ఫోర్కు కాలికి, ఊగే చేతికి సమాంతరంగా ఒక రాడ్డు వేశాను. ఆయన ఆ రాడ్డు ఊపి చూశారు. చేతులు తిరిగే చోట గన్‌మెటల్ బుష్షులకి గ్రీజు ఎక్కించే నిపిళ్లు ఇంకో వైపుకి పెడితే గ్రీజు గన్ను సులువుగా అందుతుందన్నారు, అలాగే మార్చాను. వెళ్తూ వెళ్తూ "బాగుందనను బాబూ, పడిపోదంటాను" అన్నారు. ఆయనకి ఇప్పటికీ ఆ బండి నచ్చదు. నాకు ఆయన సర్టిఫికెట్ చాలు.

మీ విషయంలో ఇలాంటి ప్రశ్నలు వెనక సగం గురించి రావాలి. పైపు అతుకు లేని సీమ్‌లెస్‌దా, నీళ్ల జీఐ పైపా? జీఐ అయితే ఇప్పుడే తీసేయండి. దాని మీది జింకు పూత వెల్డింగుని పాడు చేస్తుంది, ఆ పొగ మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. మూల జాయింట్లని అందం కోసం గ్రైండరుతో నున్నగా అరగదీస్తే బలం ఉన్న లోహమే పోతుంది. పగులు అనుమానం ఉంటే పాత షెడ్డు పద్ధతి ఒకటుంది. జాయింటుకి కిరోసిన్ పూసి కాసేపు నానబెట్టి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి నీళ్లలో కలిపి పట్టించండి. అది ఆరాక పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత కనిపిస్తుంది. డబ్బులుంటే ఎర్ర రంగు స్ప్రే డబ్బాలతో చేసే పెనెట్రెంట్ టెస్ట్ ఇంకా ఖాయం. మిమ్మల్ని తిట్టేవాడిని పిలిచి వాడి కళ్ల ముందే ఈ పని చేయండి. సగం నోళ్లు అక్కడే మూతపడతాయి.

ఇక "ఇది అసలు బండి ముందు భాగమే కాదు" అనేవాళ్లు. వీళ్లతో నేను కాసేపు సరదాగా వాదిస్తాను. హైడ్రాలిక్ డ్యాంపింగ్ ఉన్న టెలిస్కోపిక్ ఫోర్కు, అంటే పైపులో పైపు జారుతూ లోపలి నూనెతో ఊపు తగ్గించే ఇప్పటి మామూలు ఫోర్కు, అమ్మకపు బండి మీదకి వచ్చిందే 1935లో, బీఎండబ్ల్యూ ఆర్ 12తో. అంతకుముందు చాలా బళ్లకి గిర్డర్ ఫోర్కులే, అంటే కాళ్లు జారకుండా మొత్తం ఫోర్కే లింకుల మీద పైకీ కిందకీ ఊగేవి. 1958లో హోండా సూపర్ కబ్ లీడింగ్ లింక్‌తోనే వచ్చి పది కోట్లు దాటింది. మనవాళ్లు "ఒరిజినల్" అనేది చాలాసార్లు వాళ్ల చిన్నప్పుడు వీధిలో తిరిగిన బండి మాత్రమే.

హెడ్‌లైట్ గిన్నె బుడితిలో ఇత్తడితో చేయించాను. గుడి గంట అన్నారు, బిందె అన్నారు, ఒకాయన దణ్ణం కూడా పెట్టాడు. బరువెక్కిపోయిందని సీరియస్‌గా అన్నవాడికి మాత్రం లెక్క చెప్పాను. అదే మందం రేకైతే ఇత్తడి ఉక్కు కన్నా వందకి ఎనిమిదో పదో పాళ్లు ఎక్కువ, అంతే. మిగతావాళ్లతో కలిసి నేనూ నవ్వాను. నిజంగానే కాస్త గంటలా ఉంటుంది.

నాకు కష్టమనిపించింది పాత బుల్లెట్లని యథాతథంగా నిలబెట్టే ఒక పెద్దాయన మాట. పాత బండి ఒకటి పోయిందని కోపంగా కాదు, బాధగా అన్నారు. ఆయనకి బదులు చెప్పడం నా బాధ్యత అనిపించింది. ఫ్రేములో ఎక్కడా కొయ్యలేదని, ఛాసిస్ నంబరు జోలికి పోలేదని, నా ఫోర్కు అవే స్టీరింగ్ బేరింగుల మీద కూర్చుందని, ఎవరైనా మామూలు ఫోర్కు తెచ్చి ఒక పూటలో బిగించుకోవచ్చని దగ్గరుండి చూపించాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. పర్వాలేదు. కానీ మీ దగ్గర ఈ రకం మాట అన్నవాళ్లని కొట్టిపారేయకండి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. నికరంగా నిలబడ్డ ఫ్రేము ఒకటి కోస్తే లోకంలో ఒకటి తగ్గినట్టే. మీది కాగితాలు సరిగ్గా ఉన్న మంచి బండైతే దాన్ని కొయ్యకండి. వెనక సగం నట్టుబోల్టులతో బిగించేలా విడిగా కట్టుకోండి, లేదా ఎలాగూ పాడైన ఫ్రేము వెతుక్కోండి. ఇందులో నేను మీ స్నేహితుల వైపే.

పోలీసుల సంగతి కూడా ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే నా బండి మా తోటలోనే తిరుగుతుంది, బయటికి ట్రాలీ ఆటో ఎక్కి వస్తుంది. "ట్రాలీలో వచ్చేది కూడా బండేనా" అన్నారు. ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఈసారి ఇక్కడ ఫొటోలు పెడితే మొత్తం బండి వద్దు. వెనక సగం ఫ్రేముకి కలిసే రెండు జాయింట్లు దగ్గర నుంచి తీసి పెట్టండి, రంగు వేయకముందే. పైపు మందం కూడా రాయండి, చూసి చెప్తాను.