జేబు మూత ఎత్తి చూడండి

"బట్టల్లో, ఫ్యాషన్‌లో ఆయా దేశాల రాజకీయం, సంస్కృతి ఎలా కనిపిస్తాయి? మీ అనుభవంలోంచి చెప్పగలరా?" అని అడిగారు. నేను ఇరవై ఏడేళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నాను. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం అలవాటైపోయింది. కాబట్టి నేను జేబుల గురించే చెప్తాను.

ఈ ప్రశ్నకి మామూలుగా వచ్చే జవాబులు నాకూ తెలుసు. రష్యాలో పీటర్ చక్రవర్తి గడ్డాల మీద పన్ను వేశాడు. 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లాండ్ కొండ ప్రాంతం వాళ్ళ గళ్ళ బట్టలు, మగవాళ్ళు పావడాలా కట్టుకునే కిల్టులు నిషేధించింది. 1925లో టర్కీలో అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ ఫెజ్ అనే కుచ్చు టోపీలు తీయించేశాడు. పెద్ద విషయాలే. కానీ మూడు చోట్లా చట్టం మాట్లాడింది మగవాళ్ళతో. స్కాట్లాండ్ చట్టంలోనైతే "మగవాళ్ళు, మగపిల్లలు" అని రాసే ఉంది. ఆడవాళ్ళ సంగతికొస్తే, ఇరాన్‌లో 1936లో రాజు బలవంతంగా ముసుగు తీయించాడు, 1979 విప్లవం తర్వాత వచ్చినవాళ్ళు బలవంతంగా వేయించారు. ఇవన్నీ కంటికి కనబడేవి, అందుకే చరిత్ర పుస్తకాలకెక్కాయి. చట్టమేమీ రాయకుండా కుట్టులోనే కానిచ్చేసిన పనులు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక రాత్రి షాపు కట్టేసే వేళకి ఒకామె సంచి పట్టుకుని వచ్చింది. అందులో ఐదు ప్యాంట్లు. సెక్యూరిటీ గార్డుల యూనిఫాం, మందపాటి నల్లగుడ్డ.

"మాస్టారూ, వీటికి జేబులు పెట్టాలి."

ఒకటి తీసి బల్ల మీద పరిచాను. "ఉన్నాయి కదమ్మా?" అన్నాను. నడుము కింద రెండు పక్కలా మూతలున్నాయి. ఒక్కో మూతకీ ఒక గుండీ, చుట్టూ రెండు వరసల కుట్టు. పని చాలా నీటుగా ఉంది.

"ఎత్తి చూడండి" అంది.

ఎత్తితే మూసి ఉంది. కొత్త కోట్ల జేబులు సాగిపోకుండా అమ్మేదాకా టాకాలు వేసి ఉంచుతారు, ఇదీ అలాంటిదే అనుకుని చిన్న కత్తెర మొనతో రెండు పోగులు తెంపాను. కత్తెర నేరుగా ప్యాంటు కాలులోకి దిగిపోయింది. జేబు సంచి లేదు, నోరు కూడా లేదు. నేను తెంపింది టాకా అనుకున్నాను, అది ప్యాంటు గుడ్డే. మూత, గుండీ, రెండు వరసల కుట్టు, ఇంత శ్రమా పడి చెయ్యి పెట్టే చోటు మాత్రం వదిలేశారు.

మా పనిలో దొంగ జేబు అంటే వేరు. మగవాళ్ళ ప్యాంటు నడుము పట్టీ లోపల డబ్బు దాచుకోవడానికి పెట్టేది. అది కనబడదు గానీ ఉంటుంది. ఆ రోజు నేను చూసింది ఉత్తుత్తి జేబు. కనబడుతుంది, ఉండదు.

ఆమెది రాత్రి డ్యూటీ. ఒక చేతిలో తాళాల గుత్తి, ఇంకో చేతిలో టార్చి. ఫోను సాక్సులో దోపుకుని తిరిగేది, మెట్లెక్కుతుంటే జారిపడి పగిలింది. "ఎవరైనా మీదికొస్తే రెండిట్లో ఏది పారేయాలో ముందే అనుకుని తిరుగుతాను మాస్టారూ" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. అదే సంస్థలో పనిచేసే ఒక మగ గార్డు ప్యాంటు అంతకు ముందు వారమే పొడుగు తగ్గించడానికి నా దగ్గరికొచ్చింది. అదే గుడ్డ, అదే రంగు. దానికి పక్క జేబులు రెండు, వెనక జేబులు రెండు, టార్చి పట్టేలా తొడ మీద ఇంకొకటి. కాపలా కాసే చోటు ఇద్దరికీ ఒకటే. ఈమె పైవాళ్ళని అడిగితే, జేబులు పెడితే షేపు పోతుందన్నారట.

షేపు! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు వందల ఏళ్ళకు పైగా అదే సాకు. యూరప్‌లో 17, 18 శతాబ్దాల ఆడవాళ్ళకి భేషైన జేబులుండేవి. గౌనుకి కుట్టినవి కావవి. రెండు పొడుగాటి సంచుల్ని బొందుతో నడుముకి కట్టుకుని, పైన గౌను పక్క కుట్టులో వదిలిన చీలికలోంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్ళు. తాళాలు, డబ్బులు, కత్తెర, సూదులు, అన్నీ అందులోనే. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి నడుము రొమ్ము కిందికి ఎక్కిన పల్చటి గౌన్లు వచ్చాయి. లోపల సంచి కడితే ఉబ్బెత్తుగా కనబడుతుంది. దాంతో జేబు పోయి చేతికి రెటిక్యూల్ అనే చిట్టి సంచి వచ్చింది. అంటే ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీ లేనట్టే. 1789లో మనిషికి హక్కులున్నాయని ఫ్రాన్స్ ప్రకటించింది, అందులో ఆడవాళ్ళకి వాటా లేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే జేబులూ పోవడం మొదలైంది. రెంటికీ సంబంధం లేదంటే నేను నమ్మను.

ఆ ఫ్రాన్స్‌లోనే, పారిస్ నగరంలో, 1800లో పోలీసు ఆజ్ఞ ఒకటి వచ్చింది. ఆడవాళ్ళు మగ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల దగ్గరికి వెళ్ళి అనుమతి తీసుకోవాలి. 1892లో, మళ్ళీ 1909లో కాస్త సడలించారు. చేతిలో గుర్రం కళ్ళెం గానీ సైకిలు హ్యాండిలు గానీ ఉంటే ప్యాంటు వేసుకోవచ్చట! ఆ ఆజ్ఞ ఇక చెల్లదని అక్కడి ప్రభుత్వం తేల్చి చెప్పింది 2013లో.

జేబులో రాజకీయమేంటి అనేవాళ్ళకి చైనా సైన్యాన్ని చూపిస్తాను. 1965లో అందరూ సమానమంటూ హోదాలు రద్దు చేసి, హోదా గుర్తులన్నీ పీకేశారు. కానీ ఆఫీసరు కోటుకి నాలుగు జేబులు, సిపాయి కోటుకి రెండు. ఎవరికి సెల్యూట్ కొట్టాలో జేబులు లెక్కపెట్టుకుంటే చాలు. ఆ కోటు కుట్టిన దర్జీకి ఆ దేశంలో సమానత్వం ఎంతో కచ్చితంగా తెలిసే ఉంటుంది.

ఇక బ్రిటన్‌లో 1942లో, యుద్ధ కాలంలో గుడ్డ ఆదా కోసం మగవాళ్ళ సూట్లకి జేబులు ఇన్నే ఉండాలని, ప్యాంటు అంచుకి మడత ఉండకూడదని రూలు పెట్టారు. మగవాళ్ళు గగ్గోలు పెట్టారు. కొందరు కావాలని పొడుగు ప్యాంట్లు కొనుక్కుని ఇంటికెళ్ళి మడతలు పెట్టుకున్నారు. ఆడవాళ్ళ నడుము సంచులు పోవడం మొదలై అప్పటికి దాదాపు నూట యాభై ఏళ్ళు, అవి పోవడానికి ఏ ప్రభుత్వమూ రూలు పెట్టాల్సిన అవసరం పడలేదు.

రెడీమేడ్ బట్టల మీద కూడా ఒక మాట అనాలి. మూడేళ్ళ పిల్లాడి నిక్కరుకి రెండు జేబులుంటాయి, అదే వయసు పిల్ల గౌనుకి ఒక్కటీ ఉండదు. ఆ వయసు పిల్లకి షేపేంటి? పోనీ మేం పెడదామా అంటే పక్క కుట్టు దగ్గర మిగులు గుడ్డ పావంగుళం కూడా వదలరు. పూర్వం కుట్టినవాళ్ళు రేపు ఒళ్ళు వస్తుందేమో, ఇంకొకరు తొడుక్కుంటారేమో అని గుడ్డ వదిలేవాళ్ళు. ఇప్పుడు కుట్టు విప్పితే చేతికి పీచు వస్తోంది.

ఆ ఐదు ప్యాంట్లకీ జేబులు పెట్టాను. అదృష్టం కొద్దీ ఆ యూనిఫాంలో కాస్త గుడ్డ వదిలి ఉంది. సంచులకి నల్లగుడ్డ చాలక, షాపులో మిగిలిన ముక్కలు వాడాను. మణికట్టు దాకా చెయ్యి మునగాలి, అదే నేను పెట్టుకున్న కొలత. కత్తెరతో నేను పాడుచేసిన చోట మూత కిందే అతుకు వేశాను. ఆమె అక్కడే వేసుకుని చూసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కాసేపు ఊరికే నిలబడింది. ఏమీ అనలేదు. ఆమె భుజాలు కిందికి దిగడం మాత్రం చూశాను.

నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. యూనిఫాం అనుమతి లేకుండా మార్చారని పైవాళ్ళు మందలించారట. విప్పేయమంటుందేమో అనుకున్నాను. "బయటికి కనబడకుండా చేయగలరా?" అని అడిగింది. మూతల జోలికి పోకుండా, జేబు నోరు సరిగ్గా పక్క కుట్టులోకే జరిపాను. చెయ్యి పెడితే తప్ప అక్కడ జేబుందని తెలియదు. పాతకాలం గౌన్ల చీలిక కూడా ఇలాగే ఉండేది.

ఆ తర్వాత ఆమెతో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అలా మొత్తం పద్నాలుగు ప్యాంట్లు కుట్టాను. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, డ్యూటీ గదిలో కలిసిపోతున్నాయని చెప్పారు. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుడ్డతో జేబు సంచి వేశాను, ఒకరికి నీలం చారలు, ఒకరికి పసుపు పువ్వులు, ఒకరికి పాత కర్టెను ముక్క. జేబు బయటికి లాగి ఎవరిది ఏదో చూసుకుని, మళ్ళీ లోపలికి తోసి తొడుక్కుంటున్నారు.