ఉప్పు మడుగులో నాలుగైదు రకాల డయాటమ్‌లే కనిపిస్తే శాంపిల్ తప్పినట్టా?

సముద్రానికి దూరంగా ఉన్న ఉప్పు మడుగు నుంచి సీసాడు నీళ్లు తెచ్చి చూస్తే డయాటమ్‌లు (సిలికా పెంకుండే ఏకకణ శైవలాలు) నాలుగైదు రకాలే కనిపించాయని, మంచినీటి చెరువులో మాత్రం బోలెడున్నాయని అడిగారు. అందులో ఆశ్చర్యం లేదు. ఉప్పు పెరిగేకొద్దీ రకాలు తగ్గుతాయి, తట్టుకున్నవి మాత్రం విపరీతంగా పెరుగుతాయి. కానీ ఒక్క నీళ్లే తెచ్చారంటే సగం వదిలేసి వచ్చినట్టే.

ఇలాంటి మడుగుల్లో నాకు నీళ్లలో కంటే ఒడ్డు బురద మీది గోధుమరంగు జిగురు పొరలోనే ఎక్కువ రకాలు దొరికేవి. రాళ్లను, మునిగిన గడ్డి కాడలను పాత టూత్‌బ్రష్‌తో గీకి, దేని సీసా దానికే పెట్టుకునేదాన్ని. మంచినీటి ఊట వచ్చి కలిసే మూల ఉంటే అసలు వదలొద్దు. అక్కడ జాబితాయే మారిపోతుంది.

యాసిడ్‌తో శుభ్రం చేసే జోలికి వెళ్లేముందు పచ్చి శాంపిల్ చూడండి. పలుచన చేయాలంటే ఆ మడుగు నీళ్లే వడగట్టి వాడండి, మంచినీళ్లు పోస్తే కణాలు పగిలిపోవచ్చు. బతికున్నవాటిలో బంగారు గోధుమరంగు క్లోరోప్లాస్ట్‌లు కనిపిస్తాయి, కొన్ని మెల్లగా జారుతుంటాయి కూడా. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో శుభ్రం చేశాక మిగిలేది సిలికా పెంకే. వాన నీటితో కొట్టుకొచ్చిన చచ్చిన పెంకునూ అక్కడే పెరిగినదాన్నీ ఇక విడదీయలేం. ఉప్పు సరస్సు జాబితాలో మంచినీటి పేర్లు ఎక్కువుంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

అలాగని శుభ్రం చేయకుండా కుదరదు. 40ఎక్స్ లెన్స్‌లో నిట్షియా అనే ప్రజాతిలోని చిన్న డయాటమ్‌లన్నీ ఒకే పుల్లలా కనిపిస్తాయి. మీ నాలుగైదు రకాలు నిజానికి పది కావచ్చు. కార్బొనేట్ ఉంటే ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీమళ్లీ కడగడం. ఇక్కడ తొందరపడితే స్లైడ్ నిండా ఉప్పు స్ఫటికాలే. ఆపైన 100ఎక్స్ ఆయిల్ లెన్స్‌లో పెంకు మీది గీతలు చూసి పేరు పెట్టాలి.

ఉప్పు ఎంతో తెలిస్తే చాలదు, ఏ ఉప్పో కూడా తెలియాలి. 1927లో డయాటమ్ పరిశోధకుడు కోల్బె వీటిని ఉప్పదనాన్ని బట్టి వర్గాలు చేశారు, అదీ బెర్లిన్‌కు దక్షిణాన స్పెరెన్‌బెర్గ్ ఉప్పునేలలను చూసి. ఆ వర్గాలు ఇప్పటికీ పనికొస్తాయి గానీ, కార్బొనేట్ లవణాలు ఎక్కువున్న నీళ్లలో అనోమియోనీస్ స్ఫీరోఫోరా లాంటి డయాటమ్‌లు ఎందుకు బాగా కనిపిస్తాయో ఒక్క ఉప్పదనం అంకె చెప్పదు. పైగా పీహెచ్ 9 దాటిన సోడా (సోడియం కార్బొనేట్) మడుగుల నీళ్లలో సిలికా ఎక్కువగా కరుగుతుంది, పలుచటి పెంకులు ముందు మాయమవుతాయి.

శాంపిల్ తీసినప్పుడే కండక్టివిటీ (ఉప్పదనాన్ని అంచనా వేసే విద్యుత్ వాహకత), పీహెచ్ రాసుకోండి. వానలయ్యాక ఒకసారి, మడుగు ఎండుతున్నప్పుడు ఒకసారి తీయగలిగితే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.