బండి బాగోగులు: టైరు మధ్యలోనే ఎందుకు అరుగుతోంది?

ప్రశ్న: పల్సర్ 150 మీద రోజూ నందిగామ నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్ళొస్తాను. వెనక టైరు మధ్యలో చదునైపోయింది, అంచుల్లో గ్రిప్పు మాత్రం కొత్తదాన్లాగే ఉంది. ముందు టైరు తడిమితే చేతికి ఎత్తుపల్లాలు తగులుతున్నాయి, స్పీడు 60 దాటితే ఊఁ అని ఒకటే శబ్దం. మొన్న అరకు ఘాట్‌లో మలుపుల దగ్గర బండి మొదట వంగనని మొరాయించి, తర్వాత ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయింది. అంచులు బాగున్నాయి కదా, ఈ వర్షాకాలం నెట్టుకురావచ్చా? షాకబ్జర్లు హార్డ్ చేయిస్తే సరిపోతుందా?
– ఓ పాఠకుడు, నందిగామ

జవాబు: వర్షాకాలం మాట ముందు తేల్చేద్దాం. నెట్టుకురావద్దండీ. తిన్నగా వెళ్ళేటప్పుడు రోడ్డుకి తగిలేది మధ్య భాగమే. తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే నీళ్ళని పక్కకి తోసేయాల్సిన గాళ్ళు కూడా అక్కడివే. అంచుల్లో ఎంత గ్రిప్పు ఉన్నా ఆ క్షణంలో అక్కరకు రాదు. టైరు పక్కగోడ మీద టి.డబ్ల్యు.ఐ. అనో, చిన్న త్రిభుజమో గుర్తు ఉంటుంది. దానికి ఎదురుగా గాడిలో చిన్న మిట్ట చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు ఆ మిట్టతో సమానమైందంటే టైరు పనైపోయినట్టే.

ఇలా అరగడం బండి లోపం కాదు, రోడ్డు తీరు. కంచికచర్ల, ఇబ్రహీంపట్నం మీదుగా మీరు వచ్చే 65వ నంబరు హైవేలో బండిని వంచాల్సిన అవసరం ఎంతని? ఇంజను శక్తంతా వెనక టైరు నడిమి పట్టీ మీదుగానే రోడ్డుకి దిగుతుంది. దానికి తోడు గాలి ఎక్కువైతే మధ్య భాగం ఉబ్బి ఇంకా తొందరగా అరుగుతుంది. మీ బండికి ముందు 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 32 పి.ఎస్.ఐ. చాలు. అడక్కుండానే 40 కొట్టేసి ‘గట్టిగా ఉంటుంది సార్’ అనే పంచరు షాపులు మా ఆటోనగర్ చుట్టూ బోలెడు. ఓ గేజీ కొనుక్కుని పొద్దున్నే ఇంటి దగ్గర, బండి తీయకముందే చూసుకోండి. ఎండలో విజయవాడ చేరాక చూస్తే వేడికి గాలి ఎక్కువే చూపిస్తుంది. అప్పుడు తగ్గించారో, మర్నాడు తెల్లారేసరికి టైరు మెత్తబడి ఉంటుంది.

ఘాట్‌లో జరిగిందీ ఈ చదును వల్లే అనిపిస్తోంది. గుండ్రటి టైరైతే బండి మెల్లగా ఒకే తీరున వాలుతుంది. అరిగిన మీ టైరుకి చదును అయిపోయే చోట రెండువైపులా ఓ అంచు తేలింది. దాని మీదికి ఎక్కేదాకా బండి వంగనంటుంది, దాటగానే అవతలికి పడిపోతుంది. షాకబ్జర్లని ఎంత తిప్పినా ఇది పోదు.

ముందు టైరు కథ వేరు. ఎత్తుపల్లాలుగా అరిగిందంటే చక్రం రోడ్డుని అంటిపెట్టుకోకుండా ఎగురుతోందన్నమాట. మెయిన్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా వెనక ఎవర్నైనా అదిమి పట్టుకోమని, ఫోర్కుల (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే గొట్టాలు) కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్కుమని కదిలితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, వదులైంది. కదలకపోతే నా అనుమానం ఫోర్క్ ఆయిల్ మీదే. షోరూము నుంచి తెచ్చినప్పటి ఆయిల్‌తోనే బండి అమ్మేసేవాళ్ళు చాలామంది! అది పలచబడితే గతుకులో దిగిన ఫోర్కు స్ప్రింగు విసురుకి పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. కంపెనీ చెప్పిన గ్రేడు, రెండు ఫోర్కుల్లోనూ కొలిచి ఒకే మోతాదు పోయించండి. మిగిలిపోయిన ఇంజనాయిల్ పోసే మెకానిక్ దగ్గర్నుంచి బండి తోసుకుంటూ అయినా వచ్చేయండి. ముందు ఇవన్నీ సరిచేయించి, ఆ తర్వాతే కొత్త టైరు వేయించండి. పాత టైరు మాత్రం శబ్దం మానదు.

ఇక ‘హార్డ్’ సంగతి. వెనక షాకబ్జరు మీది గాట్ల రింగుని సి ఆకారపు స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. స్ప్రింగు మారదండీ. దాన్ని ముందుగానే కొంచెం నొక్కి ఉంచుతాం, అంతే. దాంతో వెనక భాగం పైకి లేస్తుంది. ఒక్కరే తిరిగే మీరు చివరి గాట్లో పెట్టిస్తే చిన్న గుంతకే వెనక చక్రం ఎగురుతుంది. కొలిచి చూసుకోండి. మెయిన్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో ఉండగా, ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఓ గుర్తు దాకా టేపు పెట్టండి. తర్వాత స్టాండ్ తీసి, రోజూ వేసుకునే హెల్మెట్టు, బ్యాగుతో సహా మీరెక్కి కూర్చుని, ఇంకొకరితో మళ్ళీ కొలిపించండి. తేడా 30 మిల్లీమీటర్లకి అటూఇటూగా ఉంటే వదిలేయండి. బాగా ఎక్కువైతే ఒక గాటు బిగించండి, తక్కువైతే ఒక గాటు వదలండి.

ప్రశ్న: అమ్మని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తే నడుం పట్టేస్తోందంటోంది. చూస్తే ఎడమ షాకబ్జర్ నాలుగో గాట్లో, కుడిది రెండో గాట్లో ఉన్నాయి. ఫర్వాలేదా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఫర్వా ఉందండీ! రెండూ ఒకే గాట్లో ఉండి తీరాలి, లేకపోతే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ని మెలిపెట్టినట్టవుతుంది. రెండిటినీ మూడులో పెట్టించి, అమ్మగారిని ఎక్కించుకుని ఒకసారి తిరగండి. గుంతలో అడుగంటి ఠక్కుమంటే రెండూ నాలుగుకి మార్చండి. అప్పటికీ ఊగుతూ ఉంటే షాకబ్జర్ల మీద నూనె మరకలున్నాయేమో చూడండి. కారుతుంటే జతగా మార్చాల్సిందే.

ప్రశ్న: పల్సర్ 150 వెనక 100 టైరు తీసేసి 120 వేయిస్తే గ్రిప్పు పెరుగుతుందా?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: సోకు పెరుగుతుంది. సన్నటి రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుని మధ్యభాగం కోసుగా పైకి లేస్తుంది. బండి బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, చైను కవరుకి రాసుకున్నా రాసుకోవచ్చు. ఆ డబ్బులతో 100/90-17 సైజులోనే మంచి టైరు కొనుక్కో బాబూ. కొనేముందు పక్కగోడ మీది నాలుగంకెలు చదువు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం: 0825 అంటే 2025లో ఎనిమిదో వారం. పాత సరుకైతే తగ్గింపు ఇస్తామన్నా తీసుకోకు.