“ఎప్పుడు పరిగెడతాను?” అని బాబు అడిగితే

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. మెట్లు ఎక్కలేకపోతున్నాడని, కింద కూర్చుంటే చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని లేస్తున్నాడని హైదరాబాద్‌లో చూపించాం. జన్యు పరీక్ష చేసి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు) అన్నారు, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మాది మేనరికం, అందుకే ఇలా అయిందని మా అత్తగారి మాట. రోజూ మెట్లు ఎక్కిస్తే కండ పడుతుందని ఇంట్లో అందరూ అంటున్నారు. మొన్న వాడు “అమ్మా, నేను అందరిలా ఎప్పుడు పరిగెడతాను?” అని అడిగితే “బాగా తింటే పరిగెడతావు నాన్నా” అన్నాను. వాడికి నిజం చెప్పాలా? – ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: చెప్పాలమ్మా. అంతా ఒక్కరోజే చెప్పక్కర్లేదు, వాడు అడిగినంత వరకు చెప్పండి చాలు. “బాగా తింటే” అన్న మాట మాత్రం ఇక వద్దు. వాడు మీ మాట నమ్మి తింటాడు, అయినా కాళ్లు బలహీనపడుతూనే ఉంటాయి, అప్పుడు తప్పు తనదే అనుకుంటాడు. పైగా స్టెరాయిడ్ వల్ల ఆకలి ఎక్కువవుతుంది, ఒళ్లు వస్తుంది, ఆ బరువు మోయడం వాడి కాళ్లకే కష్టం. “నీ కండరాలకి కావాల్సిన ఒక పదార్థం నీ ఒంట్లో తయారవట్లేదు, అందుకే త్వరగా అలిసిపోతున్నావు, ఇందులో నీ తప్పేమీ లేదు, ఈ మందు వాటిని ఇంకొన్నాళ్లు బలంగా ఉంచుతుంది” అనండి. ఏడేళ్ల పిల్లాడికి ఇది అర్థమవుతుంది. తగ్గిపోతుందా అని అడిగితే, పూర్తిగా తగ్గించే మందు ఇంకా రాలేదని చెప్పండి. చచ్చిపోతానా అని కూడా ఏదో ఒక రోజు అడగొచ్చు. “ఎవరన్నారు నాన్నా, ఏం విన్నావు?” అని ముందు వాడి భయమేంటో తెలుసుకుని, దానికే జవాబు చెప్పండి.

ఆ పదార్థం పేరు డిస్ట్రోఫిన్. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి ఆ ఎక్స్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఈ జబ్బు దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చేతే మీ అత్తగారికి చెప్పించండి, మీరు చెబితే వినరేమో. సుమారు మూడోవంతు పిల్లల్లో జబ్బుకి కారణమైన జన్యువులోని మార్పు తల్లి నుంచి రాదు, కొత్తగా వస్తుంది. మీరు వాహకులైనా, అంటే ఆ మార్పు మీలో ఉండి బాబుకి వచ్చినా, అది మీరు చేసిన తప్పు కాదు. అయితే వాహకులో కాదో తేల్చే పరీక్ష చేయించుకోండి, మళ్లీ బిడ్డని కనాలనుకున్నా, మీ అక్కచెల్లెళ్లకైనా అది పనికొస్తుంది. వాహకులని తేలితే మీ గుండె కూడా చూపించుకోవాలి.

మెట్ల సంగతి. దయచేసి ఎక్కించకండి, దింపకండి. ఈ జబ్బులో కండరం శ్రమతో పెరగదు, దెబ్బతింటుంది, మెట్లు దిగడం, గెంతడం మరీ చెరుపు. పిక్కలు లావుగా కనిపిస్తున్నా అది బలం కాదు. నొప్పి పుట్టించకుండా రోజూ మడమల దగ్గర సాగదీసే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర మీరే నేర్చుకోండి. నీళ్లలో ఆడుకోనివ్వండి.

స్టెరాయిడ్‌ని ఎవరెన్ని చెప్పినా, నాటు మందు కోసమైనా సరే, ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదకొస్తుంది. వాంతులై మాత్ర నిలవకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఏటా గుండెకి ఎకో (స్కానింగ్) తప్పదు. ఏ చిన్న ఆపరేషనైనా మత్తు డాక్టరుకి జబ్బు పేరు ముందే చెప్పండి, కొన్ని మత్తు మందులు ఈ పిల్లలకి ప్రమాదం.

మందు లేకపోతే సాధారణంగా పది పన్నెండేళ్లకి నడక ఆగుతుంది, స్టెరాయిడ్‌తో చాలామందికి ఇంకొన్నేళ్లు కలిసొస్తుంది. గుండె, ఊపిరి జాగ్రత్తగా చూసుకుంటే ముప్ఫైల్లోకి వస్తున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఏళ్లన్నీ ఊరూరా వైద్యాలకే పోనివ్వకండి, వాడి చదువు, వాడి స్నేహాలు కూడా చూడండి. చక్రాల కుర్చీ వచ్చే రోజు గురించి ఇప్పుడే బెంగ వద్దు, వచ్చినప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి, అది ఉంటేనే వాడు స్నేహితుల దగ్గరికి వెళ్లగలడు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది, కాబట్టి వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా పనిచేస్తున్నాయి, బాబు పేరు అక్కడ నమోదు చేయించండి. స్కూల్లో హెడ్మాస్టర్ని కలిసి వాడి తరగతి కింది అంతస్తులో పెట్టమని అడగండి, పాఠాలకి అడ్డురాకుండా బాత్రూంకి వెళ్లి వచ్చే ఏర్పాటు కూడా అప్పుడే మాట్లాడండి.