హైదరాబాద్‌లో కంప్యూటర్ రిపేరు షాపువాళ్ళు మోసం చేశారని అనుమానం వస్తే ఏం చేయాలి?

అనుమానం వచ్చిన తర్వాత చేసే పనులకంటే, మిషన్‌ను కౌంటర్ మీద పెట్టకముందు చేసే పనే ముఖ్యమని నా అభిప్రాయం. ప్రశ్న అడిగినవారికి ఈ మాట ఇప్పుడు పుండు మీద కారంలా ఉండవచ్చు. నాకు కూడా ఆ తెలివి ముందుగా లేదు. పాత ఫైల్‌లో ఒక బిల్లు దొరకడం వల్ల మాత్రమే బయటపడ్డాను.

నేను చిక్కడపల్లిలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కు, అను అనే తెలుగు ఫాంట్లకు పెద్ద మిషన్ అక్కరలేదు. కానీ ఇప్పుడు పెళ్ళి పత్రిక అంటే ఫోటోషాప్‌లో వధూవరుల బొమ్మలు, వెనక గుడి గోపురం, చుట్టూ మామిడి తోరణం లేకపోతే ఎవరూ ఒప్పుకోవడం లేదు. అందుకని లాప్‌టాప్‌తో వచ్చిన 8 జీబీ ర్యామ్‌కు (పని జరుగుతున్నంతసేపు మిషన్ వాడుకునే మెమొరీ పట్టీకి) తోడుగా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, అదే 3200 వేగం ఉన్న మరో 8 జీబీ కొని వేయించుకున్నాను. వారంటీ లెక్క కోసం వాళ్ళు బిల్లు మీద ర్యామ్ సీరియల్ నంబరు కూడా అచ్చువేసి ఇచ్చారు. దానిని కరెంటు బిల్లుల మధ్య దోపి మరచిపోయాను.

2022 జనవరి చివరలో, మాఘమాసం ముహూర్తాలకు నాలుగు పత్రికలు ఒప్పుకుని ఉండగా, ఒకరోజు ఉదయం లాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఇంటికి దగ్గరలో ఉన్న షాపుకు తీసుకువెళ్ళాను. యజమాని ఒక్క స్క్రూ అయినా విప్పకుండా, మూత ఎత్తి దించి, "మదర్‌బోర్డులో షార్టు ఉంది మేడమ్, చిప్ లెవెల్ పని, ఎనిమిది వేల అయిదు వందలవుతుంది" అని తేల్చేశారు. మదర్‌బోర్డు పోయిందన్న మాట మన ఊరి షాపుల్లో వినిపించినంత తరచుగా నిజంగా మదర్‌బోర్డులు పోతూ ఉంటే, వాటిని తయారు చేసే కంపెనీలు ఎప్పుడో మూతపడి ఉండేవి. తెర నల్లగా ఉండిపోవడానికి చాలాసార్లు కారణం, ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు పట్టీల మీద పొర పేరుకుని స్లాట్‌లో సరిగా తగలకపోవడమే. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, మళ్ళీ నొక్కి కూర్చోబెడితే లేచి కూర్చున్న మిషన్లను నేను స్వయంగా చూశాను. ఆ రోజు మాత్రం ముహూర్తాల కంగారులో తల ఊపి వచ్చేశాను.

ఆరు రోజుల తర్వాత మిషన్ తిరిగి వచ్చింది. డబ్బు యూపీఐలో పంపాను. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక 231 అని జాబ్ నంబరు, దాని కింద మొత్తం రాసి ఇచ్చారు. ఇంటికి వచ్చి ఫోటోషాప్ తెరిస్తే, బొమ్మలో ఒక్క పొర (లేయర్) జరపడానికి టీ కాచుకుని వచ్చేంత సమయం పట్టింది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ చూశాను. మొత్తం 8 జీబీ, వేగం 2400, రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉన్నట్టు కనిపించింది.

వెనక మూత విప్పాను. నల్ల స్క్రూల మధ్య ఒక తెల్ల స్క్రూ ఉంది, ఒక చోట అసలు స్క్రూయే లేదు. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న బూడిదరంగు దుమ్ము, ఫ్యాను దగ్గర నుంచి బోర్డు మీదుగా, ఎక్కడిది అక్కడే ఉంది. చిప్ లెవెల్ పని అంటే బోర్డు మీది చిన్న చిన్న చిప్‌లను ఊడదీసి అతకడం. దానికి వేడి గాలి పెట్టాలి, టంకం పట్టడానికి ఫ్లక్స్ అనే పదార్థం పూయాలి. ఆ ఫ్లక్స్ జిగురు మరకనైనా వదులుతుంది, తుడిస్తే తళతళలాడే చోటునైనా మిగులుస్తుంది. నా బోర్డు మీద ర్యామ్ స్లాట్ల దగ్గర తప్ప గోరంత చోటైనా శుభ్రంగా లేదు. పని బోర్డుకు అవతలి వైపు జరిగి ఉండవచ్చు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. అవతలి వైపు చూడాలంటే బోర్డును మొత్తం పైకి తీయాలి. అలా తీస్తే ఈ దుమ్ము ఇలా దుప్పటి పరచినట్టు ఉండదు. ఆ మదర్‌బోర్డును ఎవరూ ముట్టుకోలేదని ఈనాటికీ ప్రమాణం చేసి చెప్పగలను.

ఇక స్లాట్‌లో ఉన్న ర్యామ్ నా రెండింటిలో ఏదీ కాదు. కంపెనీ వేరు. దాని స్టిక్కరు మీద నీలం మార్కరుతో 217 అని రాసి ఉంది.

"అక్కా, నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్దాం" అని మా తమ్ముడు ఎగిరాడు. వద్దన్నాను. షాపులో గొడవ మొదలైతే, అసలు విషయం పక్కకు పోయి, ఎవరు ఎవరిని ఏమన్నారన్నదే మిగులుతుంది. మర్నాడు పదకొండు గంటలకు, కౌంటర్ దగ్గర మరో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండే వేళ చూసుకుని, ఒక్కదాన్నే వెళ్ళాను. దొంగతనం అనే మాటే ఎత్తకుండా, "మీ కుర్రవాడు పొరపాటున వేరే మిషన్‌ది ఇందులో వేసినట్టున్నాడండీ, ఒకసారి చూడండి" అన్నాను. "మీరు ఇచ్చినప్పుడే ఒకటి ఉంది మేడమ్" అన్నారాయన. సీటీసీ బిల్లు బల్ల మీద పెట్టి, సీరియల్ నంబరులోని అంకెలు ఒక్కొక్కటే పైకి చదివాను. ఆయన తొణకలేదు. "కొన్నారు సరే, ఇందులోనే వేసినట్టు ఆధారం ఏమిటి?" అని అడిగారు. న్యాయంగా చెప్పాలంటే అది సరైన ప్రశ్నే, నా దగ్గర దానికి జవాబు లేదు. అప్పుడు ఆయన ఇచ్చిన కార్డును తిప్పి 231 చూపించి, లోపలి ర్యామ్ మీద 217 ఎందుకుందని అడిగాను. ఆయన కార్డును చూశారు, ర్యామ్‌ను చూశారు, ఆ తర్వాత కౌంటర్ దగ్గర నిలబడినవాళ్ళను చూశారు. లోపలికి తిరిగి కుర్రవాడిని పిలిచారు.

ఇరవై నిమిషాలు సొరుగులన్నీ వెతికాక, నా బిల్లు మీది నంబరుతో ఉన్న ర్యామ్ ఒక కవరులో నుంచి బయటికి వచ్చింది. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన రెండోది దొరకలేదు. దాని నంబరు నేను ఎక్కడా రాసుకోలేదు గనుక గట్టిగా అడగలేకపోయాను. దానికి బదులు ఈ 217ను ఉంచుకొమ్మన్నారు. మరి చేయని పనికి తీసుకున్న డబ్బు మాటేమిటన్నప్పుడు మాత్రం ఆయన గొంతు పెరిగింది.

అప్పుడు నాకు ఉపయోగపడినది చట్టం. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరును పెట్టుకోవలసిన అవసరమూ లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంటుంది. ఈ మాటలన్నీ నెమ్మదిగా చెప్పి, మీరు బిల్లు ఇవ్వకపోయినా యూపీఐలో మీ పేరు మీద డబ్బు వెళ్ళిన లెక్క నా ఫోన్‌లో ఉందని కూడా అన్నాను. నాలుగు వేల అయిదు వందలు అదే యూపీఐలో తిరిగి వచ్చాయి. మిగిలిన నాలుగు వేల కోసం కమిషన్‌కు వెళ్ళలేదు. ధైర్యం లేక కాదు, పత్రికలు అచ్చుకు వెళ్ళవలసిన రోజులు దగ్గర పడ్డాయి. నాలాంటివాళ్ళు ఇలా వదిలేస్తారన్న ధీమాతోనే ఈ వ్యాపారం నడుస్తోందని నాకు తెలుసు.

కాబట్టి ప్రశ్న అడిగినవారు ముందుగా చేయవలసినది, ఆ మిషన్‌ను మరో షాపులో విప్పించకపోవడం. రెండో చెయ్యి పడగానే మొదటివాడికి తప్పించుకునే దారి దొరుకుతుంది. టాస్క్ మేనేజర్ పేజీ, లోపలి పార్టుల మీది స్టిక్కర్లు ఫోటో తీసి, ఏయే పార్టులు మార్చారో, తీసినవి ఎక్కడ ఉన్నాయో తెలపమని షాపువారికి వాట్సాప్‌లో మర్యాదగా రాయండి. జవాబు వచ్చినా, రాకపోయినా అది మీకు ఆధారమే. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తర్వాతి మెట్టు జిల్లా కమిషన్.

ఇంకోసారి రిపేరుకు ఇచ్చే ముందు, మిషన్ ఆన్ అయ్యే స్థితిలో ఉంటే, పావుగంట వెచ్చించండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ పేజీ ర్యామ్ తయారీదారు పేరు, సీరియల్ నంబరు చూపిస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే మరో ప్రోగ్రామ్ డిస్క్ సీరియల్ నంబరుతో పాటు అది ఎన్ని గంటలు నడిచిందో కూడా చెబుతుంది. విండోస్‌లోని బ్యాటరీ రిపోర్టు బ్యాటరీ ఎంత అరిగిందో చెబుతుంది. వీటిని ఫోటో తీసి, అదే కాగితం మీద షాపువారి సంతకం అడగండి. ఒప్పుకోనివారి దగ్గర మిషన్ వదలకండి.

పాస్‌వర్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అడగగానే చెప్పడం, వాళ్ళు దానిని చీటీ మీద రాసి మూతకు అంటించి నలుగురూ తిరిగే బల్ల మీద పెట్టడం రోజూ చూస్తున్నాం. ర్యామ్ మార్చడానికీ, కీబోర్డు మార్చడానికీ మన పాస్‌వర్డు దేనికి? 2008లో హాంకాంగ్‌లో ఒక సినిమా నటుడి కంప్యూటర్ రిపేరుకు వెళ్ళిన చోటనే ఆయన సొంత ఫోటోలు కాపీ అయి, ఊరంతా పాకి, పెద్ద గగ్గోలైంది. అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం మన 2000 ఐటీ చట్టం ప్రకారం కూడా నేరమే, కానీ కాపీ అయిందని తెలిసేదెలా?

మా నాన్నగారి స్కూటరును బాగుచేసే మెకానిక్, అడగకపోయినా, అరిగిన క్లచ్ ప్లేట్లను, బ్రేక్ షూలను పాత పేపరులో చుట్టి ఆయన చేతిలో పెట్టేవాడు. వేలకు వేలు తీసుకునే కంప్యూటర్ షాపులు ఆ మర్యాద ఎందుకు పాటించవో నాకు అర్థం కాదు. ఇప్పుడు నేను వెళ్ళే షాపులో తీసిన పార్టు చేతికి వస్తేనే డబ్బు ఇస్తానని ముందే చెబుతాను. వాళ్ళు నవ్వుకుంటారు, అయినా ఇస్తారు.

ఆ 217 ర్యామ్ ఇప్పటికీ నా లాప్‌టాప్‌లోనే నడుస్తోంది. దానితో జత కట్టినందుకు 3200 వేగం ఉన్న నా ర్యామ్ కూడా 2400కు దిగి నడవవలసి వస్తోంది. దాని సీరియల్ నంబరు మాత్రం ఈసారి రాసిపెట్టుకున్నాను. 2022 జనవరి ప్రాంతంలో ఈ చుట్టుపక్కల లాప్‌టాప్ రిపేరుకు ఇచ్చి, తిరిగి వచ్చాక నెమ్మదించిందని బాధపడినవారు ఎవరైనా ఉంటే, పాత బిల్లు వెతికి, అందులోని నంబరు నాకు రాయండి, కలిస్తే ఇచ్చేస్తాను.