పెట్రోమాక్స్ ఇవ్వను, స్టవ్వు సంగతి చెబుతా

బుజ్జీ,

నీ మెసేజ్ మీ అమ్మమ్మ చదివి వినిపించింది. అయిదుగురు స్నేహితులు కలిసి డిసెంబరులో వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్తున్నారని, రెండు రాత్రులు టెంట్లలో ఉంటారని, వంట మీరే చేసుకుంటారని రాశావు. బాగుంది. ఏ స్టవ్వు కొనాలి, ఏ లైటు కొనాలి అని అడిగావు. చివర్లో "తాతా, అటక మీదున్న పెట్రోమాక్స్ కూడా ఇవ్వవా, ఫొటోల్లో భలే ఉంటుంది" అన్నావు. ముందు ఆ చివరిదానికే జవాబు చెప్తా. ఇవ్వను.

అలగకు. సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర ముప్పై ఏళ్లు ఆ లైట్లు అద్దెకిచ్చి, పంపు స్టవ్వులు బాగుచేసి మీ అమ్మను చదివించినవాణ్ణి నేను. ఆ రోజుల్లో ఒక బరాత్ లేచిందంటే మా దుకాణం నుంచి డజను లైట్లు పోయేవి. నెత్తిన చుట్టకుదురు, దాని మీద బుస్సుమంటూ పెట్రోమాక్స్, వెనకాల బ్యాండు. చూడ్డానికి అందంగానే ఉండేది. వెలిగించడం మాత్రం ఒక విద్య. లోపలున్న చిన్న గిన్నెలో స్పిరిటు పోసి మండించి, ట్యూబు బాగా కాగేదాకా ఆగాలి. ఆ తర్వాతే పంపు కొట్టాలి. తొందరపడి ముందే కొడితే నూనె ఆవిరి కాకుండా నూనెగానే చిమ్ముతుంది, మంట మూరెడు పైకి లేస్తుంది. మా దుకాణంలో కొత్త కుర్రాళ్ల కనుబొమ్మలు ఎన్నిసార్లు కాలాయో లెక్కలేదు. నా ఎడమ చేతి మీద మచ్చ చూశావు కదా, అది స్టవ్వు వేడిగా ఉండగానే గ్యాసునూనె, అదే కిరోసిన్, నింపబోయినప్పటిది. అప్పటికి నాకు పన్నెండేళ్ల అనుభవం. అనుభవం ఉందనే ఆ పని చేశాను.

పైగా లోపల వెలుగిచ్చే చిన్న గుడ్డసంచి ఉంటుంది, మాంటిల్ అంటారు, అది ఒకసారి కాలాక మిగిలేది బూడిద బుడగే. కారు ఒక స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగితే రాలిపోతుంది. పాత మాంటిళ్లలో థోరియం ఉండేదని, అది కాస్త రేడియేషన్ ఇచ్చే పదార్థమని దుకాణం మూసేశాక ఎక్కడో చదివితే తెలిసింది. అన్నేళ్లూ ఆ బూడిదను ఉఫ్ అని ఊది పారేశాం! ఇక గ్యాసునూనె కోసం మీరు ఊరంతా తిరగాలి. దొరక్కపోతే మీలో ఎవడో ఒకడు "పెట్రోల్ పోద్దాం" అంటాడు. ఆ మాట అన్నవాణ్ణి వంట దగ్గరికి రానివ్వకు. గ్యాసునూనె మామూలు చలికాలపు వేడికి అంత తేలిగ్గా అంటుకోదు. పెట్రోల్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా నిప్పురవ్వకు భగ్గుమంటుంది. పంపు స్టవ్వులో, పెట్రోమాక్స్‌లో, కందిల్లో పెట్రోల్ పోయడమంటే చేతిలో బాంబు పట్టుకోవడమే.

ఇక స్టవ్వు. దుకాణానికి పోగానే ఏ కంపెనీ మంచిదని అడగొద్దు. ఎంత గిన్నె పెడతారు, ఎట్లా పోతారు, ఈ రెండూ ముందు తేల్చుకోండి. మీరు కారులో పోతున్నారు, అయిదుగురికి వండాలి. కాబట్టి క్యాసెట్ స్టవ్వు తీసుకో. పెట్టెలాగా మోసుకుపోవచ్చు. పక్కనున్న అరలో పొడుగాటి గ్యాసు డబ్బా పడుకోబెడతారు. ఎత్తు తక్కువ, అడుగు వెడల్పు, అందుకని మూడు లీటర్ల కుక్కరు పెట్టినా ఊగదు.

దీనిలో తెలుసుకోవాల్సింది ఒక గాడి సంగతి. డబ్బా మూతి అంచున చిన్న గాడి ఉంటుంది, అది పైకి వచ్చేట్టు పెట్టాలి. డబ్బా లోపల సన్నని గొట్టం ఒకటి వంగి ఉంటుంది. గాడి పైకి ఉంటే ఆ గొట్టం కొస కూడా పైకే ఉండి, పైన చేరిన గ్యాసును పీల్చుకుంటుంది. తిరగబడితే అడుగున ఉన్న ద్రవం బర్నర్‌కు వచ్చి మంట ఎగసిపడుతుంది. గాడి కుదరనప్పుడు డబ్బాను బిగించే లివర్ కిందికి దిగదు. దిగకపోతే తీసి మళ్లీ పెట్టు. బలం చూపించే చోటు కాదది.

డబ్బా నెత్తిన మరతో బిగించే చిన్న బర్నర్ కూడా దొరుకుతుంది, జేబులో పడుతుంది. సంచి వీపున వేసుకుని కొండలెక్కేవాళ్లకు అది. టీకి, నూడుల్స్‌కు సరిపోతుంది. దాని మీద అయిదుగురికి అన్నం వండాలని చూస్తే అన్నం నేల మీదే తినాలి. ఒక రకం డబ్బాను ఇంకో రకం స్టవ్వుకు తగిలించే అడాప్టర్లు కూడా చూపిస్తారు. వాటి జోలికి వెళ్లకు. కొత్తవాళ్లకు అది గ్యాసు లీకును కొనుక్కోవడమే.

మూడో రకం మన గల్లీల్లో అందరికీ తెలిసిందే, నెత్తిన బర్నర్ ఉన్న చిన్న సిలిండర్. ఇంటి సిలిండర్ నుంచి గొట్టం పెట్టి నింపి ఇస్తారు. అట్లా నింపడం చట్టవిరుద్ధం. ఎంత నింపారో కూడా తెలియదు. నిజంగా పెద్ద వంట ఉంటే ఆయిల్ కంపెనీలే 5 కిలోల సిలిండర్ ఇస్తాయి, ఇండియన్ ఆయిల్ వాళ్లు దానికి చోటూ అని పేరు కూడా పెట్టారు. మీకు అంత అవసరం లేదు. అలాగే వాడేసిన క్యాసెట్ డబ్బాల్లో మళ్లీ గ్యాసు నింపి చవగ్గా అమ్ముతామంటే కొనొద్దు. ఆ పల్చటి రేకు డబ్బా బ్యూటేన్ అనే గ్యాసు కోసం చేసింది. ఇంటి గ్యాసులో ప్రొపేన్ అనే ఇంకో గ్యాసు కూడా కలిసి ఉంటుంది, దాని ఒత్తిడి ఎక్కువ.

పోయినేడు శామీర్‌పేట దగ్గర మనవాళ్ల తోటలో జరిగింది నీకు చెప్పలేదు. క్యాసెట్ స్టవ్వు మీద ఎవరో పెద్ద దోశపెనం పెట్టారు. పెనం అంచు పక్కకు వచ్చి గ్యాసు డబ్బా అరను కప్పేసింది. నేను చూస్తూనే ఉన్నాను, నోరు విప్పలేదు, పెద్దాయన చాదస్తం అంటారని. పావుగంటకు టక్కుమని లివర్ ఎగిరి మంట ఆరిపోయింది. డబ్బా ముట్టుకుంటే కాలింది. ఒత్తిడి పెరిగితే డబ్బాను విడిపించే ఏర్పాటు ఆ స్టవ్వులో ఉంది కాబట్టి బతికిపోయాం. కొనేటప్పుడు ఆ ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకో. పెనం, గిన్నె ఏదైనా బర్నర్ చుట్టూ ఉన్న కాళ్లను దాటి మరీ పక్కకు రాకూడదు. రెండు స్టవ్వులు పక్కపక్కన పెట్టి వాటి మీద ఒకే పెద్ద పెనం వేయడం అస్సలు వద్దు. గాలి కొడుతోందని స్టవ్వు చుట్టూ రేకు చుట్టేసినా అదే గతి. గాలి వచ్చే వైపు మాత్రం, జానెడు దూరంలో, ఒక అడ్డు పెట్టుకోండి. కారును అడ్డం పెట్టుకుంటే ఇంకా మంచిది, రెండు మూడు గజాలు దూరం ఉంచి.

గ్యాసు ఎంత కావాలో లెక్క చెప్తా. మూత పెట్టి లీటరు నీళ్లు మరిగించడానికి సుమారు 15 గ్రాములు పోతుంది. మూత తీసి, గాలిలో అయితే దానికి రెండింతలైనా ఆశ్చర్యం లేదు. డబ్బాలో 220 గ్రాముల దాకా ఉంటుంది. అయిదుగురికి రెండు రోజులకు రెండు డబ్బాలు చాలు, మూడోది చేతిలో ఉండనివ్వు. బియ్యం అరగంట నానబెట్టి కుక్కర్లో పెడితే ఇంకా మిగులుతుంది. కొత్త డబ్బాను వంటింటి త్రాసు మీద తూచి, బరువు దాని మీదే పెన్నుతో రాసుకో. తర్వాత మళ్లీ తూస్తే ఎంత అయిపోయిందో తెలుస్తుంది. ఊపి చూసి చెప్పేవాళ్ల మాట నమ్మకు.

వాడుతున్నకొద్దీ డబ్బా చల్లబడి మంట తగ్గుతుంది. అది దాని స్వభావం, లోపం కాదు. కాసేపు ఆపితే మళ్లీ సర్దుకుంటుంది. వేడినీళ్లలో ముంచుదామని, ఎండలో పెడదామని చూడొద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడమే మానేస్తుంది. అనంతగిరిలో చలి అంతదాకా రాదు. ఎప్పుడైనా హిమాలయాల వైపు పోతే మాత్రం ఈ డబ్బాలు పనికిరావు, ప్రొపేన్ కలిసినవి అక్కడే కొనుక్కోవాలి. విమానంలో గ్యాసు డబ్బా చేతి సంచిలోనూ ఎక్కనివ్వరు, లగేజీలోనూ ఎక్కనివ్వరు. మీలో ఇద్దరు వికారాబాద్ దాకా రైల్లో వస్తారన్నావు. వాళ్ల చేతికి డబ్బాలు ఇవ్వకు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కారులో కూడా వెనక అద్దం కింద ఎండ తగిలేచోట పెట్టొద్దు. 50 డిగ్రీలు దాటకూడదని చాలా డబ్బాల మీద రాసే ఉంటుంది.

అక్కడికి చేరాక చదునైన బండ చూసుకో. డిసెంబరుకు గడ్డి ఎండిపోయి ఉంటుంది, బండ దొరక్కపోతే చుట్టూ గజం మేర ఊడ్చెయ్. పక్కన ఒక బకెట్ నీళ్లు, తడిపిన గోనెసంచి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే, అయినా తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. వండేవాళ్లు చున్నీ, నైలాన్ జాకెట్ తీసేసి కూర్చోవాలి. స్టవ్వు మీది మీట తడికి పనిచేయదు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకో. గ్యాసు గాలికన్నా బరువు, పల్లంలో చేరుతుంది. అందుకని గుంటలో స్టవ్వు పెట్టొద్దు. వాసన వస్తే వెలిగించకుండా దూరం తీసుకెళ్లి డబ్బా ఊడదీయ్. ఖాళీ డబ్బాలు మంటలో వేయకుండా ఇంటికి తెచ్చెయ్యండి. గుడి దగ్గర కోతులు ఎక్కువ, రొట్టెల సంచి కంటే ముందు డబ్బాలు దాచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం మాట ఇవ్వాలి నువ్వు. టెంటులోకి స్టవ్వు రాకూడదు. చలిగా ఉంది, రెండు నిమిషాలే, జిప్పు తెరిచే ఉంచాం, ఏ సాకూ వద్దు. బొగ్గుల కుంపటి కూడా అంతే. మూసిన చోట మండేది కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. రక్తాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వస్తాయి, నిద్ర అనుకుంటారు. గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని పొద్దున లేవనివాళ్ల వార్తలు చలికాలంలో పేపర్లో చూస్తూనే ఉంటాం. చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి.

లైట్ల విషయం తేలిక. పెట్రోమాక్స్ గిరాకీ పడిపోయాక పదేళ్లు ఎమర్జెన్సీ లైట్లు రిపేరు చేశాను, కాబట్టి దీనిలోనూ నా మాట వినొచ్చు. ఛార్జింగ్ ఎల్ఈడీ లాంతర్లు రెండు తీసుకో. వెలుగును లూమెన్లలో కొలుస్తారు. 200, 300 లూమెన్లు వంటకు చాలు, తిండికి ఇంకా తక్కువైనా సరిపోతుంది. 1000 లూమెన్ల లైటు పెట్టుకుంటే ఎదుటివాడి ముఖం తప్ప ఏమీ కనబడదు. పసుపు వెలుగు వచ్చేది చూడు, పురుగులు కాస్త తక్కువగా వస్తాయి. బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో ఎంఏహెచ్ లెక్కన దాని మీద రాస్తారు, అది చూసి మురిసిపోవద్దు. వేలెడు పొడుగుండే 18650 సెల్లులో మంచిదైనా 3500 ఎంఏహెచ్‌కు అటూ ఇటుగానే పడుతుంది. దాని మీద 9900 అని అచ్చేసినవి చేత్తో పట్టుకుని నవ్వుకున్నాను నేను. కొన్నాక ఒక రాత్రంతా వెలిగించి ఎన్ని గంటలు నిలిచిందో చూసుకో. లైటును నేల మీద పెడితే అన్నీ నీడలే, తలకు కాస్త పైన కొమ్మకు కట్టు. మనిషికో హెడ్‌లైటు ఉంటే రాత్రి లేచినవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఉసిళ్ల కాలం కాదు గానీ, వానాకాలంలో పోతే మేం చేసే పని చెప్తా. ఎక్కువ వెలుగిచ్చే లైటును తినేచోటికి దూరంగా పెట్టి దాని కింద పళ్లెంలో నీళ్లు పోసేవాళ్లం. పురుగులన్నీ అటే పోయేవి.

కొన్న స్టవ్వును తీసుకుని శనివారం పొద్దున ఇంటికి రా. ఒక డబ్బా, మీ మూడు లీటర్ల కుక్కరు కూడా తే. డాబా మీద నువ్వే పెట్టి, నువ్వే వెలిగించి, నువ్వే ఆర్పాలి. నేను కుర్చీ వేసుకుని చూస్తా. మీ అమ్మమ్మ ఉప్మారవ్వ వేయించి ఇస్తానంటోంది, మీ సంచిలో వేసుకుపోవచ్చు. సాయంత్రం దాకా ఉంటే అటక మీది పెట్రోమాక్స్ దించి వెలిగిస్తా, నీ ఫొటోలు అక్కడే తీసుకో. అర లీటరు గ్యాసునూనె దాచిపెట్టుకున్నది ఉంది, మాంటిల్ కూడా ఒకటి ఉంది. స్పిరిటు మాత్రం అయిపోయింది, వచ్చేటప్పుడు చిన్న సీసా తీసుకురా.

మీ తాతయ్య